గోదావరి పుట్టిన ఊళ్ళో మా హనీమూన్: నాసిక్ తిండి, ద్రాక్షతోటలు, వైన్

మా పెళ్ళి మాఘమాసంలో అయింది. వ్రతం, పదహారు రోజుల పండగ, చుట్టాలిళ్ళల్లో భోజనాలు అన్నీ అయ్యాక హనీమూన్ ఎక్కడికి అన్న టాపిక్ వచ్చింది. మా కజిన్స్ అందరూ మాల్దీవులు, బాలి, అదీ కాకపోతే మున్నార్ అన్నారు, మా ఆయన మాత్రం నాసిక్ అన్నారు. నాసిక్ ఏంటమ్మా ఉల్లిపాయలు కొనుక్కురావడానికా అని మా పిన్ని ఒకటే నవ్వు (లాసల్‌గావ్ ఉల్లి మార్కెట్ ఆ జిల్లాలోదే కదా, పిన్నికి తెలిసిన నాసిక్ అంతే). ఆయన పూణెలో ఉద్యోగం చేసేటప్పుడు ఫ్రెండ్స్‌తో వెళ్ళొచ్చారట. "మంచిగ తిందాం, రెండు మూడు వైనరీలు చూద్దాం, నువ్వెన్నడు తాగలే గద, ఇష్టమైతేనే రుచి చూడు, లేకపోతే లేదు, తోటలైతే మస్తుంటయి" అన్నారు. వాళ్ళది నిజామాబాద్, మాది రాజమండ్రి. ఇద్దరం గోదావరి వాళ్ళమే, అది పుట్టిన చోటు ఇద్దరం చూడలేదు, అది నాకు బాగా నచ్చింది. అత్తయ్యగారైతే త్రయంబకేశ్వరం దర్శనం అవుతుంది వెళ్ళండి వెళ్ళండి అని వెంటనే సరే అన్నారు.

ఇంకో మంచి విషయం ఏంటంటే మా టైమింగ్. నాసిక్‌లో వైన్ ద్రాక్ష కోతలు జనవరి నుంచి మార్చి వరకు ఉంటాయి, మన మాఘమాసం పెళ్ళిళ్ళ సీజన్ సరిగ్గా అందులోనే పడుతుంది. ఫ్రాన్స్, ఇటలీల్లో శీతాకాలం వస్తే తీగ నిద్రపోతుంది, ఇక్కడ ఆ చలి లేదు కాబట్టి తీగ నిద్రపోదు, అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, కోత అయ్యాక ఏప్రిల్‌లో ఒకసారి, వానలు వెనకపట్టాక సెప్టెంబర్ అక్టోబర్‌లో ఇంకోసారి. ఆ రెండో కత్తిరింపుకి వచ్చిన పూతే చలికాలంలో కాయై ఎండాకాలం ముదరకముందే కోతకొస్తుంది. ఇది మాకు తోటలో చెప్పిన విషయం, ఇంట్లో పందిరికి ఒక ద్రాక్షతీగ పాకించి ఎప్పుడు కత్తిరించాలో తెలియక వదిలేసిన మా నాన్నగారికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

వెళ్ళింది దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో. నిజామాబాద్ దాటాక బాసర దగ్గర గోదావరి వంతెన వస్తుంది, నేను అలవాటుగా పర్సులోంచి రూపాయి బిళ్ళ తీస్తే మా ఆయన కూడా జేబులోంచి తీశారు, ఇద్దరం ఒకేసారి దణ్ణం పెట్టుకుని వేశాం. పెద్దలు కుదిర్చిన పెళ్ళి మాది, ఒకరి అలవాట్లు ఒకరికి తెలిసే రోజులు అవి, ఇది ఇద్దరికీ ఉందని అక్కడే తెలిసింది. తర్వాత నాందేడ్, ఔరంగాబాద్, మన్మాడ్ మీదుగా తెల్లవారుజామున నాసిక్ రోడ్ స్టేషన్. చలి బాగానే ఉంది, శాలువా ఉండాల్సిందే.

మొదట దేవుడి పని. త్రయంబకం నాసిక్ నుంచి ముప్ఫై కిలోమీటర్లలోపే, పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకటి, నల్లరాతి గుడి, పీష్వాల కాలంలో కట్టింది. వెనకాల బ్రహ్మగిరి కొండ, అక్కడే గోదావరి పుట్టేది. మెట్లెక్కి పైకి వెళ్తే నీళ్ళు సన్నగా వస్తుంటాయి, అంతే. రాజమండ్రిలో మా రోడ్డు వంతెన నాలుగు కిలోమీటర్ల పైనే ఉంటుంది, అవతలి ఒడ్డు సరిగ్గా కనపడని నదిని చిన్నప్పట్నుంచి చూసిన నేను ఆ నీళ్ళని దోసిట్లో పట్టుకుని చాలాసేపు ఊరికే నిలబడిపోయాను. అక్కడి నుంచి అంతర్వేది దాకా 1465 కిలోమీటర్లు. ఆ రోజంతా మేము నాన్‌వెజ్ లేదు వైన్ లేదు, గుడి రోజు గుడిదే అని ముందే అనుకున్నాం.

మర్నాడు పొద్దున్నే మిసల్ పావ్. నాసిక్‌లో మిసల్ అంటే టిఫిన్ కాదు, పెద్ద వ్యవహారం, ఆదివారం పూట కుటుంబాలు కుటుంబాలు వచ్చి చెట్ల కింద కూర్చుని తింటారు. మేము వెళ్ళిన చోట కట్టెల పొయ్యి మీద వండుతున్నారు. పళ్ళెంలో మట్కీ మొలకల కూర, దాని మీద సేవ్ (సన్నకారప్పూస), ఫర్సాన్ (మిక్చర్ లాంటిది), సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, పక్కన వేరే గిన్నెలో నల్లటి రసం, పైన నూనె తేలుతూ, అప్పడం, పెరుగు, నిమ్మచెక్క, పావ్, చివర్లో వేడి జిలేబీ. ఆ నలుపు కాళా మసాలా వల్ల, ఎండుకొబ్బరి, ఉల్లిపాయ, రాతిపువ్వు, మసాలా దినుసులు అన్నీ బాగా నల్లబడేదాకా వేయించి నూరతారు. కారం గురించి మా ఆయన నన్ను ముందే భయపెట్టారు కానీ ఆవకాయ తిని పెరిగినవాళ్ళకి ఆ కారం కష్టం కాదు, అసలు సంగతి ఆ మాడు వాసన, మాడిపోయిన చేదు రాకుండా సరిగ్గా దాని ముందు ఆపేసిన వాసన, అది గంటసేపు నోట్లో ఉంటుంది. రసం ఎంత అడిగితే అంత పోస్తున్నారు. నేను మూడోసారి అడిగితే వడ్డించే పెద్దాయన ఎక్కడి నుంచి అని అడిగి, ఆంధ్రా అనగానే ఇంకో గరిటె తనంతట తనే పోశారు.

ఇక వైన్ సంగతి.

మొదటిది సులా. ఇండియాలో వైన్ గురించి మాట్లాడితే దీన్ని దాటి వెళ్ళలేం. రాజీవ్ సమంత్ అనే ఆయన అమెరికాలో స్టాన్‌ఫోర్డ్‌లో చదువుకుని, అక్కడే ఉద్యోగం చేసి, అది వదిలేసి 1990ల్లో నాసిక్‌లో సొంత పొలానికి తిరిగొచ్చి వైన్ ద్రాక్ష వేశారు, వాళ్ళమ్మగారి పేరు సులభ, ఆ పేరు మీదే సులా. మొదటి వైన్ 2000లో బయటకొచ్చింది, 2005లో టేస్టింగ్ రూమ్ పెట్టారు. అంతకుముందు ఈ ప్రాంతం అంటే ఎక్కువగా తినే ద్రాక్షే. ఇప్పుడు నాసిక్ వ్యాలీ వైన్‌కి జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతం సరుకు అని ఇచ్చే గుర్తింపు) కూడా ఉంది.

తోటలో నడిపించిన అబ్బాయి షిరాజ్ అనే రెడ్ వైన్ ద్రాక్ష గుత్తి చూపించి ఒక్కో పండు తెంపి ఇచ్చాడు. బజార్లో కొనే ద్రాక్ష కంటే చాలా చిన్నవి, మందపాటి తోలు, లోపల గింజలు, కానీ తీపి మాత్రం పళ్ళు జివ్వుమనేంత. నల్లటి పండుని వేళ్ళతో నొక్కమన్నాడు, నొక్కితే రసం తెల్లగా వచ్చింది! అప్పటిదాకా రెడ్ వైన్ అంటే ఎర్రటి రసం నుంచి వస్తుందనే నా ఊహ. తోలుతో సహా పులియబెడితేనే ఆ రంగు దిగుతుందట, వైట్ వైన్‌కి అయితే ముందే పిండేసి రసం ఒక్కటే చల్లటి స్టీల్ ట్యాంకుల్లో పెడతారు. కోత కూడా ఎండెక్కకముందే అవ్వాలి, పండు వేడెక్కితే వాసన పోతుంది. కోసేది ఎక్కువగా ఆడవాళ్ళే, తలకి కొంగు బిగించుకుని చిన్న కత్తెర్లతో గుత్తి గుత్తి కోసి క్రేట్లలో పెడుతున్నారు, చేతులు ఎంత చురుగ్గా ఆడుతున్నాయో. బాటిల్ మీద వాళ్ళ పేర్లు ఉండవు కానీ ఆ వైన్ తాగేవాళ్ళు ఒక్కసారైనా ఆ చేతులు చూడాలి అనిపించింది నాకు.

బ్యారెల్ రూమ్‌లో ఓక్ పీపాలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి, చల్లగా, తడి చెక్క వాసన, కొంచెం వెనిల్లా లాంటి వాసన కూడా. తర్వాత టేస్టింగ్. కొంచెం కొంచెంగా పోస్తారు, మొదట స్పార్క్లింగ్ (బుడగలొచ్చే వైన్), తర్వాత వైట్, రోజే (గులాబీ రంగు వైన్), రెడ్, ఆఖర్న తియ్యటిది. చూడాలి, గ్లాసు తిప్పాలి, వాసన చూడాలి, అప్పుడు చిన్న గుటక. సోవిన్యాన్ బ్లాంక్ అనే వైట్ వైన్ వాసన చూస్తే నాకు పచ్చి క్యాప్సికమ్, దోర జామకాయ గుర్తొచ్చాయి, అదే పైకి అంటే ఆ అబ్బాయి కరెక్ట్ మేడమ్ అన్నాడు, మా ఆయన నా వైపు అలా గర్వంగా చూశారు. రెడ్ నాకు ఎక్కలేదు, నాలుక పిడచకట్టినట్టయింది, పచ్చి వక్క నమిలినట్టు. చెనిన్ బ్లాంక్ అనే వైట్ ద్రాక్షతో చేసే లేట్ హార్వెస్ట్ మాత్రం చాలా నచ్చింది, పళ్ళు తీగ మీదే ఎక్కువ రోజులు ఉంచి తీపి ముదిరాక కోసి చేస్తారు, తేనె, ఎండిన ఖుబానీ (ఆప్రికాట్) లాంటి రుచి.

సీజన్ కాబట్టి ద్రాక్ష తొక్కే సరదా కూడా ఉంది. పెద్ద తొట్టిలో పండ్లు పోసి ఉంటాయి, కాళ్ళు కడుక్కుని దిగాలి, దాంతో వైన్ చెయ్యరులెండి. నా కాళ్ళకి పారాణి ఇంకా పూర్తిగా పోలేదు, పట్టీలు తీసి పైన పెట్టి దిగాను, ఐస్‌లా చల్లగా ఉంది, పళ్ళు వేళ్ళ మధ్య చితికి జారుతుంటే పడిపోతానేమో అని ఆయన చెయ్యి పట్టుకున్నాను, అందరి ముందూ ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. ఫోటో ఎవరో తీసిపెట్టారు, మా పెళ్ళి ఆల్బమ్ మొత్తంలో లేనంత బాగా వచ్చింది.

సాయంత్రం యార్క్ వైనరీ. దగ్గరే, గంగాపూర్ డ్యామ్ నీళ్ళు ఎదురుగా కనిపిస్తాయి, ఆ డ్యామ్ కూడా గోదావరి మీదే. అక్కడ తోట చిన్నది, జనం తక్కువ, నన్నడిగితే కొత్తజంటలు కూర్చుని మాట్లాడుకోవడానికి సులా కంటే ఇదే బాగుంటుంది. 2021లో దీన్ని సులా వాళ్ళే కొన్నారు. సూర్యాస్తమయం అయ్యేదాకా కదల్లేదు మేము. కారంగా ఉన్న మటన్ తెప్పించుకుని షిరాజ్ ఒక గుటక, చెనిన్ ఒక గుటక మార్చి మార్చి తాగి చూశాం. షిరాజ్‌తో కారం ఇంకా మండింది, కొంచెం తీపి ఉన్న చల్లటి చెనిన్‌తో మంట చక్కగా దిగింది. వగరు ఉన్న రెడ్ కారాన్ని రెచ్చగొడుతుంది, కొంచెం తీపి ఉన్న చల్లటి వైట్ చల్లారుస్తుంది అని వడ్డించినాయన చెప్పారు. మన గుంటూరు కారం వంటలకి ఇది గుర్తుపెట్టుకోవాల్సిన ముక్క. ఆ టేబుల్ దగ్గరే ఆయన తన పూణె రోజుల గురించి, నేను నా డిగ్రీ రోజుల్లో ఆగిపోయిన వీణ గురించి చెప్పుకున్నాం. అప్పుడప్పుడే చనువు వస్తోంది, నేను "మీరు" అంటుంటే "ఇంక నువ్వు అను" అన్నారు, నాకు ఇప్పటికీ రాలేదు అది.

ఈ ట్రిప్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన తిండి మాత్రం వైనరీల్లో దొరికింది కాదు. ఖాందేశ్ (ఉత్తర మహారాష్ట్రలో ఒక ప్రాంతం) వాళ్ళ మాండే, మన బొబ్బట్టుకి పెద్దక్క. ఒకామె పొయ్యి మీద మట్టికుండ బోర్లించి కూర్చుంది. బాగా జారుగా కలిపిన గోధుమపిండి ముద్దలో పూర్ణం పెట్టి మూసి, రెండు చేతుల మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు వేసుకుంటూ సాగదీస్తుంది, కర్ర లేదు, పీట లేదు, గాజులు పైకి జరుపుకుని మోచేతుల దాకా ఆ పిండి పరుచుకునేదాకా సాగదీసి, చిరగకుండా ఒక్క ఊపులో ఆ బోర్లించిన కుండ మీద వేసేసింది. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే అక్కయ్యలు అచ్చం ఇలాగే బోర్లించిన కుండ ముందు కూర్చుంటారు, అక్కడ బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ, ఇక్కడ గోధుమపిండి. నది ఈ చివరా కుండే, ఆ చివరా కుండే. నేను ఫోన్‌లో పూతరేకుల వీడియో చూపిస్తే ఆమె పొయ్యి మంట తగ్గించి మరీ చూసింది, మరాఠీలో ఏదో అంది, మా ఆయన తర్జుమా చేశారు: ఇంత పల్చగా ఎలా తీస్తారు అని అడుగుతోందట. నెయ్యి, పాలతో తిన్నాం. ఒకటి ఇద్దరికి సరిపోతుంది, మేము ఇంకోటి చెప్పాం.

ఇంకా పిఠ్లా (శనగపిండి కూర), జొన్న భాకరీ (రొట్టె), పచ్చిమిర్చి ఠేచా, సగ్గుబియ్యం వడ అన్నీ తిన్నాం, బాగున్నాయి, ఠేచా మన రోటిపచ్చడికి దగ్గర చుట్టం, ఇంట్లో చేసుకోవచ్చు.

వెళ్దాం అనుకునేవాళ్ళకి నా సలహా: వీకెండ్ వద్దు, ముంబై పూణె జనం మొత్తం అక్కడే ఉంటారు, రూముల రేట్లు కూడా పెరిగిపోతాయి, సోమవారం నుంచి గురువారం మధ్యలో వెళ్ళండి. వైనరీలకి వెళ్ళేరోజు బండి మీరు నడపకండి, రోజంతటికీ క్యాబ్ మాట్లాడుకోండి, మేము అలాగే చేశాం. టేస్టింగ్‌కి ముందు కడుపునిండా తినండి, మధ్యమధ్యలో నీళ్ళు తాగండి, నచ్చని వైన్ ఉంటే పారబొయ్యడానికి అక్కడ గిన్నె పెడతారు, మొహమాటపడొద్దు. తాగనివాళ్ళు కూడా హాయిగా వెళ్ళొచ్చు, తోట, వంట, డ్యామ్ గాలి చాలు. బాటిళ్ళు తెచ్చుకోవాలంటే రాష్ట్రానికో రూల్ ఉంటుంది, కొనకముందే కనుక్కోండి. మేమైతే కాళా మసాలా, చివడా (అటుకుల మిక్చర్), కిస్‌మిస్ తెచ్చుకున్నాం, కాళా మసాలా మాత్రం అరకిలో కాదు, కిలో తెచ్చుకోండి.