పాలవెల్లి ఎన్ని జానలు?

అమెరికాలో నెలలో మొదటి శనివారం పొద్దున, ఇంటి మరమ్మతు సామాన్లు అమ్మే హోమ్ డిపో దుకాణాల్లో పిల్లలకు ఉచితంగా వర్క్‌షాప్ పెడతారు. 5 నుంచి 12 ఏళ్ళ పిల్లలు ఆరెంజ్ ఆప్రాన్ కట్టుకుని, ఆటబొమ్మ కాని అసలు సుత్తితో మేకులు కొడతారు. చెక్క ముక్కలు ముందే కోసి ఇస్తారు. అతికించి, మేకులు దిగ్గొట్టి, రంగు వేస్తే పక్షిగూడు లాంటిదేదో తయారవుతుంది. చివర్లో ఆప్రాన్‌కు గుచ్చుకోవడానికి ఒక పిన్ను ఇస్తారు. మా పాప ఆప్రాన్ ఇప్పుడు సైన్యాధికారి చొక్కాలా ఉంది.

చిన్నప్పుడు తెనాలిలో నేను సుత్తి ముట్టుకుంటే "వేలు చితుకుద్ది, పోయి చదువుకో" అనేవాళ్ళు. చెక్కపని వడ్రంగిది, మట్టిపని కుమ్మరిది, మనకు పుస్తకాలు. ఆ లెక్క పిల్లలకు అంటకుండా ఉంటే చాలనుకుంటాను. డల్లాస్‌లో మా పక్కింటి డాక్టరుగారు సెలవురోజున తన కంచె తనే బాగుచేసుకుంటారు, అదేం వింత కాదిక్కడ.

అయితే కిట్లతో నాకో పేచీ ఉంది. పిల్లలందరివీ ఒకేలా వస్తాయి. చవితి ముందు మనవాళ్ళు పెట్టే మట్టి వినాయకుడి వర్క్‌షాప్‌లు కూడా కొన్ని ఇదే దారి పట్టాయి: రబ్బరు అచ్చులో మట్టి కుక్కు, తియ్యి, ఫొటో దిగు.

అచ్చు లేకుండా చేయిస్తేనే అసలు పని తెలుస్తుంది. తొండం ఊరికే అంటిస్తే తెల్లారేసరికి ఊడి కిందపడుతుంది. అతికే రెండు చోట్లా టూత్‌పిక్‌తో గీతలు గీసి, నీళ్ళలో చిక్కగా కలిపిన మట్టి పూసి, అప్పుడు నొక్కాలి. ఏసీ గాలికి పైపైన ఆరిపోయి పగుళ్ళిస్తుంది కాబట్టి మొదటి రాత్రి పల్చటి ప్లాస్టిక్ కవరు కప్పాలి. కుండలు చేసేవాళ్ళ సామాన్ల షాపులో 25 పౌండ్ల తడిమట్టి సంచులు దొరుకుతాయి, నలుగురం కలిసి కొనుక్కుంటాం. ఓవెన్‌లో పెట్టే పాలిమర్ క్లే మాత్రం వద్దు, బకెట్లో నిమజ్జనం చేస్తే కరగదు. కళ్ళకు మా ఊళ్ళో గురివింద గింజలు పెట్టేవాళ్ళం. అవి విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో మిరియాలు మేలు.

వినాయకుడు సరే, ఆయన పైన పళ్ళూ ఆకులూ కట్టి వేలాడదీసే పాలవెల్లి సంగతేంటని వాట్సాప్ వీడియోలో మా అమ్మ అడిగింది. దానికి కిట్ లేదు. పాప టేపు పట్టుకొచ్చి కొలతలు చెప్పమంది.

"రెండు జానలు చాల్లే బంగారం."

"ఎవరి జాన నానమ్మా? నీదా, నాదా?"

"మీ నాన్నది."

నా చెయ్యి టేబుల్ మీద పరిపించి కొలిచింది. ఎనిమిదిన్నర అంగుళాలు. అంటే ఒక్కో వైపు పదిహేడు. అర అంగుళం మందమున్న చదరపు కర్రలు తెచ్చి కోశాం. మొదటి మూలలో మేకు కొట్టగానే కర్ర నిలువునా చీలింది. పాప సుత్తి పక్కన పెట్టి కాసేపు చీలిక వంకే చూసింది. "నాన్నా, షాపులో ఇచ్చేవాటికి ముందే రంధ్రాలు ఉంటాయి కదా!" అంది. ఇన్నాళ్ళూ ఆ రంధ్రాలు ఎందుకున్నాయో తనకూ పట్టలేదు, నాకూ పట్టలేదు. సన్నటి డ్రిల్లు బిట్‌తో రంధ్రం చేసి కొడితే మిగతా మూలలు శుభ్రంగా కుదిరాయి. మధ్యలో అడ్డం నిలువు పుల్లలు పాపే కట్టింది. పసుపు రాసే పని తమ్ముడిది. కర్రకంటే కార్పెట్‌కే ఎక్కువ రాశాడు, ఆ మరక ఇంకా ఉంది.

సీలింగ్‌కు కొక్కెం కొట్టడానికి లేదు, అద్దె ఇల్లు. పుట్టినరోజులకు వాడే బ్యాక్‌డ్రాప్ స్టాండుకే తాళ్ళతో వేలాడదీశాం. ఇండియన్ స్టోర్‌లో మామిడాకులు దొరికాయి, వెలక్కాయ దొరకలేదు. ఆపిల్స్, నిమ్మకాయలు, దానిమ్మ, ఒక మొక్కజొన్న పొత్తు కట్టేసరికి మొత్తం ఒక పక్కకు ఒరిగింది. పాప దానిమ్మను ఆ చివరి నుంచి ఈ చివరికి మార్చి చూసింది, కొంచెం లేచింది కానీ సమానం కాలేదు.

"ఒంటి పొత్తు కడితే అంతేనే అమ్మలూ, రెండోవైపూ ఒకటి కట్టు" అంది మా అమ్మ ఫోన్‌లోంచి. పొత్తు ఒక్కటే తెచ్చాం. మళ్ళీ కారు తీశాను.