బిల్లు బుక్కులో చివరి లైను

పొద్దున ఎనిమిదిన్నర బస్సుకి విజయవాడ నుంచి మంగళగిరి వెళ్లాను. అక్కడి చేనేత చీరల కొట్టు వాళ్లకి నేను కొత్తగా చేస్తున్న వెబ్‌సైట్‌లో ఇక ఫుటర్, అంటే ప్రతి పేజీ అడుగున ఉండే పట్టీ, ఒక్కటే మిగిలింది. అరపూటలో తేలిపోతుందనుకున్నా గానీ చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను.

ముందు పాత సైట్‌ని ఫోన్‌లో తెరిచాను. చీరల పేజీ కిందికి జరిపేకొద్దీ కొత్త చీరలు వచ్చి చేరుతూనే ఉన్నాయి. అడుగున ఫుటర్ ఒక్క క్షణం కనిపించి, వేలు పెట్టేలోపే కిందికి జారిపోతోంది. కొట్టు ఫోన్ నంబర్ ఉన్నది అక్కడే. చీర నచ్చి, ధర అడుగుదామనుకున్న మనిషికి ఆ నంబర్ అందదు. ఎంతమంది విసిగి వెళ్లిపోయారో అనిపించి బాధేసింది. చీరలు వాటంతటవే రావడం ఆపేసి, 'మరికొన్ని చీరలు' అని ఒక బటన్ పెట్టాను.

హోమ్ పేజీ అడుగున ఇంకో అవస్థ. 'గుంటూరులో మంగళగిరి చీరలు, తెనాలిలో మంగళగిరి చీరలు, ఒంగోలులో మంగళగిరి చీరలు' అంటూ నలభై దాకా ఊళ్లు. పక్కనే ఆ సైట్ చేసినవాళ్ల ప్రకటన లింక్. ఇలా పెడితే గూగుల్‌లో పైకి వస్తారని అప్పట్లో చెప్పారట. నిజానికి ఊళ్ల పేర్లు ఇలా గుప్పించడం, తాము చేసిన సైట్లన్నిటి ఫుటర్లలో తమ లింకులు అంటించడం, రెండూ గూగుల్ తన స్పామ్ నియమాల్లో వద్దని రాసినవే.

"తీసేస్తే గిరాకీ తగ్గదా అమ్మా?" అన్నారు కొట్టు యజమాని బాబాయి గారు.

"ఆ ఊళ్లలో మనకి కొట్టు లేదు కదా బాబాయి గారూ. తెనాలిలో ఉందనుకుని నొక్కినావిడకి ఏం సమాధానం చెప్తాం?"

కాసేపు ఆలోచించి సరే అన్నారు. ఆ ఊళ్లన్నీ తీసేశాను. నా లింక్ కూడా పెట్టుకోలేదు.

అసలు టైమ్ పట్టింది కొట్టు పేరు దగ్గర. బోర్డు మీద ఒకలా, జీఎస్టీ కాగితంలో ఒకలా, గూగుల్ మ్యాప్‌లో ఇంకోలా ఉంది. చిరునామా అయితే బొమ్మగా పెట్టారు. కాపీ చేసుకోవడానికి లేదు, చూపు లేనివాళ్ల ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. ఒక పేరు ఖాయం చేసుకుని ఫుటర్‌లో, మ్యాప్‌లో, సెర్చ్ ఇంజన్ల కోసం పేజీ లోపల రాసే స్కీమా కోడ్‌లో అక్షరం తేడా లేకుండా ఒకేలా వేశాం. "గాలిగోపురం దగ్గర అని కూడా వెయ్యమ్మా" అన్నారాయన. వెంటనే వేశాను. పదకొండు అంతస్తుల గోపురం కనబడుతుంటే డోర్ నంబర్ వెతుక్కునేవాళ్లు ఎవరు!

పేరు సరిచూడటానికి బిల్లు బుక్కు అడిగినప్పుడే దాని అడుగున ఉన్న లైను చూశాను. 'ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.' అదే సైట్‌లోనూ వేయమన్నారు. అక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, పాడైన సరుకునో, చూపించినదానికి భిన్నంగా ఉన్న సరుకునో వెనక్కి తీసుకోనంటే కుదరదు. కొట్టు అసలు పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు సైట్‌లో కనబడాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. చేత్తో తాకకుండా, రంగు కూడా స్క్రీన్ మీదే చూసి డబ్బు కట్టే మనిషికి ఆ మాత్రం ధైర్యం ఇవ్వాలి కదా అన్నాను. బాబాయి గారు చాలాసేపు మాట్లాడలేదు. లోపల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. చివరికి "నేత తప్పయితే మనమే తీసుకుందాం, రాయి" అన్నారు.

మధ్యాహ్నమంతా అక్షరాలతోనే సరిపోయింది. బూడిద రంగు మీద లేత బూడిద అక్షరాలు ఎవరికీ ఆనవు. అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కి 1 ఉండేలా రంగులు మార్చాను. లైన్ల మధ్య ఎడం పెంచాక గానీ పై లైను ఒత్తులు కింది లైను గుడులకి తగలడం మానలేదు. లింకులు ఆరే ఉంచాను: పట్టు, నూలు, డ్రెస్ మెటీరియల్, డెలివరీ, వాపసు, మా గురించి. వేలు పక్కదాని మీద పడకుండా దూరదూరంగా పెట్టాను.

సాయంత్రం పిన్ని గారి చేతికి ఫోన్ ఇచ్చి "కొట్టుకి ఫోన్ చేయండి" అన్నాను. ఏమీ అడక్కుండా కిందికి జరిపి నంబర్ మీద నొక్కారు. గల్లా పెట్టె పక్కనున్న ఫోన్ మోగింది. ఆవిడ నవ్వు చూస్తే పొద్దున్నుంచి పడ్డ టెన్షన్ అంతా పోయింది.

ఫిర్యాదుల అధికారిగా పెద్దబ్బాయి పేరు వేయాలా, తన పేరా అన్నది రేపు చెప్తానన్నారు బాబాయి గారు. ఆ ఒక్క లైను ఖాళీగా ఉంచి వచ్చాను.