వేటగాడి కోడికూర

నిన్న ఇంట్లో 'పొల్లో అల్లా కచ్చాతోరా' వండాను. ఇటలీ పల్లెల కోడికూర ఇది. కచ్చాతోరా అంటే వేటగాళ్ల పద్ధతిలో చేసినదని. పేరులో ఉన్న ఘాటు కూరలో ఉండదు, కారం వేయలేదు.

చికెన్ షాపులో తొడ ముక్కలు విత్ స్కిన్ తెచ్చాను. తడి తుడిచి, ఉప్పు, మిరియాల పొడి పట్టించి, ఆలివ్ నూనెలో చర్మం వైపు కిందికి పెట్టి కదపకుండా వదిలేయాలి. అదే నాకు చేతకాలేదు. అలవాటుకొద్దీ గరిటె పెట్టి కెలికితే చర్మం ఊడి బాణలికి అతుక్కుపోయింది. రెండో వాయికి చేతులు కట్టుకుని నిలబడ్డా. ఏడెనిమిది నిమిషాలకు ముక్క దానంతటదే వదిలింది, కింద వైపు ముదురు బెల్లం రంగు!

ఆ నూనెలోనే ఉల్లి, క్యారెట్, సెలెరీ మగ్గించి, గ్లాసు రెడ్ వైన్ పోశా. అమ్మ వంటింట్లోకి తొంగిచూసి "ఏంట్రా, కల్లు పోశావా?" అంది. తర్వాత టమాటాలు, రోజ్‌మేరీ, నల్ల ఆలివ్‌లు వేసి సన్న సెగ మీద 45 నిమిషాలు.

మధ్య ఇటలీలో టమాటా లేకుండా వైట్ వైన్, వెనిగర్, వెల్లుల్లితోనూ చేస్తారు. టమాటా అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దంలో కదా యూరప్ చేరింది, అందుకే ఆ తెల్ల కూరే పాతదేమోనని నా అనుమానం. ఈసారి అదే చేస్తా.

అక్కడ దీన్ని పొలెంతాతో, అంటే మొక్కజొన్న సంకటితో తింటారు. నేను బ్రెడ్ తెచ్చా. అమ్మ అన్నంలోనే కలుపుకుని, "బాగానే ఉంది, కాస్త ధనియాల పొడి పడాల్సింది" అంటూ ఆలివ్‌లన్నీ ఏరి నా ప్లేటులో వేసింది.