ఇష్యూ రిజిస్టర్‌కు అందని చదువు

విజయవాడ ఏలూరు రోడ్డుకు కాస్త ఎడంగా ఉన్న ఒక డిగ్రీ కళాశాలలో నేను లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. ఏటా విద్యా సంవత్సరం ముగిసే సమయానికి ఆఫీసు నుంచి మాకొక ఫారం వస్తుంది. మొత్తం పుస్తకాలెన్ని, ఈ ఏడాది కొన్నవెన్ని, ఇష్యూ అయినవెన్ని, రోజుకు సగటున ఎంతమంది వచ్చారు అని అందులో నాలుగైదు గడులుంటాయి. ఇష్యూల అంకె కొన్నేళ్లుగా తగ్గుతూ వస్తోంది. స్టాఫ్ మీటింగులో ఆ అంకె చదవగానే ఎవరో ఒకరు ఫోన్ల ప్రస్తావన తెస్తారు, ఇంకొకరు తమ కాలంలో ఎంత చదివేవారో చెబుతారు, పిల్లలు చదవడం మానేశారన్న తీర్మానంతో ఆ అంశం ముగిసి చర్చ క్యాంటీన్ టెండర్ల మీదికి మళ్లుతుంది. నాకు ఆ తీర్మానంతోనే పేచీ. ఇష్యూ రిజిస్టర్ గుమ్మం దాటిన పుస్తకాన్ని మాత్రమే లెక్కపెడుతుంది. డిగ్రీ కళాశాల లైబ్రరీలో జరిగే చదువులో అధిక భాగం గుమ్మం లోపలే జరుగుతుంది.

సాయంత్రం కౌంటర్ మూసే ముందు రీడింగ్ హాల్లో ఒక చుట్టు తిరిగితే ఈ సంగతి అర్థమవుతుంది. కిటికీ పక్కనున్న పొడవాటి బల్ల మీద, 546 అన్న వర్గీకరణ సంఖ్య లేబుల్ సగం ఊడిన అకర్బన రసాయన శాస్త్రం పుస్తకం బోర్లా పడి ఉంటుంది; మధ్యలో గుర్తుగా బస్సు టికెట్టు ముక్క. దాని పక్కన కాస్ట్ అకౌంటింగ్ పుస్తకం. ఓవర్‌హెడ్ల అధ్యాయం దగ్గర పేజీల అంచులు చేతుల చెమటకు నల్లబడ్డాయి, మిగతా అధ్యాయాలు కొన్ననాటి తెలుపుతోనే ఉన్నాయి. ఇంకో బల్ల మీద తెలుగు అకాడమీ వారి చరిత్ర పుస్తకం, గ్రూప్-2 గైడు ఒకటి, గత సంవత్సరాల ప్రశ్నపత్రాల బైండు. వీటిలో ఏ ఒక్కటీ ఆనాటి రిజిస్టర్‌లో ఉండదు.

చాలా లైబ్రరీల్లో “చదివిన పుస్తకాలను తీసిన చోటే పెట్టండి” అన్న బోర్డు కనిపిస్తుంది. మా హాల్లో దాన్ని తీసేసి “చదివిన పుస్తకాన్ని బల్ల మీదే వదిలేయండి” అని రాయించాం. తప్పు అరలో దూరిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం అన్నది మా వృత్తిలో అందరికీ తెలిసిన మాటే. క్యాటలాగు ఉందంటుంది, అరలో కనబడదు, ఆ తర్వాత విద్యార్థి మా మాట నమ్మడు. అంతకన్నా ముఖ్యమైన కారణం లెక్క. మేం వాడే కోహా సాఫ్ట్‌వేర్‌లో, ఎవరి పేరు మీదా లేని పుస్తకాన్ని రిటర్న్ తెర మీద స్కాన్ చేస్తే దాన్ని లోపలి వాడకంగా నమోదు చేసుకునే సదుపాయం ఉంది. సెట్టింగుల్లో ఒకసారి ఆన్ చేస్తే చాలు. ఎక్కడో న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రాంతీయ లైబ్రరీ అవసరం కోసం 1999లో మొదలై, ఉచితంగా ప్రపంచమంతా పాకిన ఈ సాఫ్ట్‌వేర్‌ను, నేను చూసిన లైబ్రరీల్లో చాలావరకు ఇష్యూకూ రిటర్న్‌కూ తప్ప మరి దేనికీ వాడటం లేదు. మా అటెండర్ గారు సాయంత్రం బల్లల మీది పుస్తకాలన్నీ ట్రాలీలో కౌంటర్‌కు తెస్తారు, నేను స్కాన్ చేస్తాను, మర్నాడు పొద్దున్న అవి అరల్లోకి వెళ్తాయి. ఈ పద్ధతిలో ఒక పుస్తకాన్ని ఒకే రోజు ముగ్గురు చదివినా ఒకసారే లెక్కకొస్తుంది, నిజమే. అయినా సున్నా కన్నా అది నయం.

ఈ లెక్కలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది తెలుగు మాధ్యమం పుస్తకాల సంగతి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాయి. దానితో తెలుగు అకాడమీ పుస్తకాల ఇష్యూలు దాదాపు ఆగిపోయాయి, వాటిని స్టోరు రూముకు తరలిస్తే కొత్త పుస్తకాలకు అరలు ఖాళీ అవుతాయని లైబ్రరీ కమిటీలో ప్రతిపాదన కూడా వచ్చింది. బల్లల లెక్క చూస్తే వ్యవహారం వేరుగా ఉంది. నందిగామ, మైలవరం వైపు ఊళ్లలో పదో తరగతి దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లీషు పాఠ్యపుస్తకాన్నీ తెలుగు పుస్తకాన్నీ పక్కపక్కన తెరిచి పెట్టుకుని, ఇందులో ఒక పేరా, అందులో ఒక పేరా చదువుకుంటున్నారు. విషయం తెలుగులో బోధపడ్డాక పరీక్షకు కావలసిన మాటలు ఇంగ్లీషులో నోట్సుకు ఎక్కించుకుంటున్నారు. ఇంటికి మాత్రం తీసుకెళ్లరు. ఎందుకమ్మా అని ఒక అమ్మాయిని అడిగితే, “క్లాసులో అందరి దగ్గరా ఇంగ్లీషు బుక్కే ఉంటుంది మేడమ్, నా బ్యాగులో ఇది కనబడితే బాగోదు” అంది. ఆ సెమిస్టరు స్కాన్ జాబితా ప్రింటు తీసి కమిటీ ముందు పెట్టాను. పుస్తకాలు స్టోరు రూముకు వెళ్లలేదు. పైగా సబ్జెక్టువారీగా ఇంగ్లీషు పుస్తకాల పక్కనే వాటికి చోటిచ్చాం. పుస్తకాలకు అంశాన్ని బట్టి సంఖ్యలిచ్చే డ్యూయీ వర్గీకరణ ప్రకారం ఒకే అంశం మీది పుస్తకాలు ఒకే చోట ఉండాలి కదా, ఇన్నాళ్లూ భాష పేరుతో వాటిని వేరే గదిలో ఎందుకుంచామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఫోను గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఇష్యూలు తగ్గడానికి ఫోను కారణమన్న మాటలో కొంత నిజముంది, అయితే స్టాఫ్ మీటింగు అనుకునే తీరులో కాదు. కావలసిన అధ్యాయాన్ని ఫొటోలు తీసుకున్న విద్యార్థికి ఆ పుస్తకాన్ని బస్సులో మోసుకెళ్లే అవసరం లేదు. ఒకప్పుడు గేటు బయటి జెరాక్సు షాపుకు వెళ్లిన పుస్తకాలు ఇప్పుడు బల్ల మీదే ఉండి ఫోనులోకి వెళుతున్నాయి. పాత ప్రశ్నపత్రాల బైండు విషయంలో ఇది మరీ ఎక్కువ. పరీక్షల ముందు దాని చుట్టూ మూగే గుంపును చూసి, ఆ పత్రాలన్నింటినీ స్కాన్ చేయించి కళాశాల వెబ్‌సైటులో పెట్టించాం. ఆ మేరకు హాలులో తలల సంఖ్య తగ్గింది, సేవ పెరిగింది. ఫారంలోని గడుల ప్రకారం మాత్రం అది నష్టమే.

పాత పుస్తకాల వెనక అట్టకు అతికించిన, తిరిగివ్వాల్సిన తేదీ ముద్ర వేసే డ్యూ డేట్ స్లిప్పులు ఓపిగ్గా చూస్తే చాలా సంగతులు చెబుతాయి. కాంతి శాస్త్రం మీద మా దగ్గరున్న ఒక పుస్తకం స్లిప్పులో మొదటి రెండు నిలువు వరసల్లో ఊదారంగు ముద్రలన్నీ జనవరి నుంచి మార్చి దాకా కిక్కిరిసి, మిగతా ఏడాదంతా ఒకటీ అరగా ఉన్నాయి. అవి వార్షిక పరీక్షల రోజులు. 2015-16లో డిగ్రీకి సెమిస్టరు పద్ధతి వచ్చాక అదే స్లిప్పులో ముద్రలు ఏడాదికి రెండు గుత్తులుగా, అక్టోబరు నవంబరుల్లో ఒకటి, మార్చి ఏప్రిల్‌లలో ఒకటి, విడిపోయాయి. ఆ తర్వాత బార్‌కోడ్లు వచ్చి స్లిప్పు ఖాళీగా మిగిలిపోయింది. వాడకం ఇంత స్పష్టంగా రుతువుల ప్రకారం నడుస్తున్నా, మనిషికి రెండు పుస్తకాలు, పదిహేను రోజుల గడువు అన్న నియమం మాత్రం ఏడాది పొడుగునా ఒక్కటే ఉండేది. జులైలో అరల్లో దుమ్ము పట్టే పుస్తకానికి పదిహేను రోజుల గడువు దేనికి? నవంబరులో ముప్పై మంది ఎదురుచూసే పుస్తకాన్ని ఒకరి ఇంట్లో పదిహేను రోజులు ఉంచడం దేనికి? ఇప్పుడు సెమిస్టరు మొదట్లో నాలుగు పుస్తకాలు నెల రోజులకు ఇస్తున్నాం. పరీక్షల కాలంలో ప్రతి పాఠ్యపుస్తకానికీ ఒక ప్రతిని ఎర్ర లేబుల్ వేసి కౌంటర్ వెనక ఉంచుతాం. దాన్ని పగలు హాల్లోనే చదవాలి, సాయంత్రం నాలుగు తర్వాత ఇంటికి తీసుకెళ్లి మర్నాడు పదింటికల్లా తెచ్చివ్వాలి. ఆలస్యానికి రోజుకు రూపాయి జరిమానా వల్ల పుస్తకం వెనక్కి వచ్చిన సందర్భం నేనైతే చూడలేదు. వెనక పేరు రాసుకుని ఎదురుచూస్తున్న క్లాస్‌మేట్ ఫోను చేస్తే మాత్రం తప్పకుండా వస్తుంది.

రోజులోని వేళల సంగతి ఇంకా విచిత్రం. విద్యార్థులకు తీరిక దొరికేది మధ్యాహ్నం ఒంటి గంట నుంచి రెండు దాకా. అనేక కళాశాలల్లో లైబ్రరీ కౌంటర్‌కు భోజన విరామం కూడా సరిగ్గా అప్పుడే. మేం వంతులవారీగా భోజనం చేయడం మొదలుపెట్టాక, రోజు మొత్తంలో అత్యధిక ఇష్యూలు ఆ గంటలోనే జరగడం కనిపించింది. దానికి పైసా ఖర్చు కాలేదు. తెనాలి, గుడివాడ వైపు నుంచి రైళ్లలో వచ్చే పిల్లలు మొదటి గంటకు చాలా ముందే కళాశాలకు చేరి చెట్ల కింద, సైకిల్ స్టాండు గట్టు మీద కూర్చుని ఉంటారు. వాళ్ల కోసం ఎనిమిదిన్నరకే రీడింగ్ హాలు తెరుస్తున్నాం, కౌంటర్ మాత్రం తొమ్మిదిన్నరకే. ఏప్రిల్ నెలలో కొందరు ఫ్యాను గాలి కోసం వస్తారని తోటి అధ్యాపకులు నవ్వుతుంటారు. రానివ్వండి. బెజవాడ ఎండలో ఆ మాత్రం ఆశ తప్పు కాదు, ఫ్యాను కింద కూర్చున్నవాడు ఎంతసేపని గోడ చూస్తాడు?

గుమ్మం దగ్గరి సంతకాల పుస్తకం గురించి ఎక్కువ చెప్పను. కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ తన నాలుగో ప్రమాణంలో లైబ్రరీకి ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించి, రోజువారీ వాడకాన్ని కూడా అడిగింది కాబట్టి, న్యాక్ బృందం తనిఖీకి వచ్చిన ఏడాదల్లా ఆ పుస్తకం చకచకా నిండుతుంది. ఒకే చేతిరాతలో వరసగా అయిదు సంతకాలుంటాయి. లోపలి వాడకం లెక్కను కూడా నివేదికలో చేరుద్దామని ప్రిన్సిపాల్ గారిని అడిగితే, “ఫార్మాట్‌లో ఆ కాలమ్ లేదు కదమ్మా” అన్నారు. అనుబంధంగా జతచేస్తానన్నాను, సరేనన్నారు.

ఆన్‌లైన్ వనరుల కథ దీనికి తిరగబడినది. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే ఎన్-లిస్ట్ పథకం ద్వారా ఏడాదికి స్వల్ప రుసుముతో ఆరు వేలకు పైగా పరిశోధన పత్రికలు, లక్షకు పైగా ఈ-పుస్తకాలు ఒక చిన్న డిగ్రీ కళాశాలకు కూడా అందుతాయి. విద్యార్థులందరికీ ఐడీలు ఒకేసారి తయారుచేసి పంపించవచ్చు, లెక్కలోనూ ఘనంగా కనిపిస్తుంది. వాటిలో చాలా ఐడీలు ఒక్కసారి కూడా తెరుచుకోవు. పాస్‌వర్డ్ మెయిలుకు వెళుతుంది, మా పిల్లల్లో చాలామంది ఆ మెయిలు ఐడీని అడ్మిషన్ రోజున నెట్ సెంటరులో తెరిపించి అక్కడే మరిచిపోయారు. పోనీ తెరిచినా, బీకాం రెండో ఏడాది విద్యార్థికి పరిశోధన వ్యాసంతో తక్షణం పని ఉండదు. ఆ పత్రికల నిజమైన లబ్ధిదారులు పీహెచ్‌డీ చేస్తున్న మా అధ్యాపకులు. విద్యార్థులకు పనికొచ్చేవి అందులోని ఈ-పుస్తకాలు. అందుకని కొత్త విద్యార్థులకు లైబ్రరీని పరిచయం చేసే రోజున ఉపన్యాసం మానేసి, సెక్షన్లవారీగా కూర్చోబెట్టి, ఎవరి ఫోనులో వారిచేత లాగిన్ చేయించి, వారి సబ్జెక్టు పుస్తకం ఒక్కటి తెరిపిస్తున్నాం. సమయం పడుతుంది కానీ ఆ తర్వాత వాడకం నిలుస్తోంది.

మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్‌గా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో మొదటిది పుస్తకాలున్నది వాడుకకే అని, నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయాలని. లైబ్రరీ సైన్సు చదివిన ప్రతివారూ పరీక్షలో ఈ రెండూ రాసి మార్కులు తెచ్చుకున్నవారే. అయినా స్టాక్ రూముకు తాళం వేసి, చీటీ రాసిస్తే అటెండర్ వెతికి తెచ్చే పద్ధతి మన దగ్గర ఇంకా అక్కడక్కడ నడుస్తోంది. పుస్తకాలు పోతాయన్న భయం అబద్ధమని నేననను, పోతాయి. పోయిన పుస్తకానికి లైబ్రేరియన్ జవాబు చెప్పుకోవాలి, ఎవరూ చదవని పుస్తకానికి ఎవరూ జవాబు చెప్పుకోనక్కర లేదు. తాళం వెనకున్న అసలు కారణం అదే. జీతంలోంచి కోత పడుతుందన్న భయమున్న ఉద్యోగిని సూత్రాలతో నిందించి ప్రయోజనం లేదు. ఏటా ఇంత శాతం వరకు నష్టాన్ని మాఫీ చేస్తామని యాజమాన్యాలు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తాళాలు వాటంతటవే ఊడతాయి.

పాఠకుడి దగ్గరికి పుస్తకమే వెళ్లడం మన ప్రాంతానికి కొత్త కాదు. విజయవాడలో 1911 నాటికే రామమోహన గ్రంథాలయం వెలిసింది, గ్రంథాలయోద్యమ నాయకులు అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఈ ఊళ్లోనే పుట్టింది. కృష్ణకు అవతలి ఒడ్డున, గుంటూరు జిల్లా పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణం గారు 1935లో కాలువ మీద పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. మా ట్రాలీ అంత దూరం పోదు. నెలకు రెండుసార్లు మొదటి అంతస్తులోని సైన్సు బ్లాకు వరండా దాకా వెళ్లి, ల్యాబ్ గంటల మధ్య విరామంలో అక్కడే బార్‌కోడ్ స్కాన్ చేసి పుస్తకాలు ఇచ్చి వస్తుంది. ల్యాబ్ పిల్లలకు రోజంతా ఆ బ్లాకులోనే సరిపోతుంది కాబట్టి లైబ్రరీకి రావడం వారికి కుదిరే పని కాదు. ట్రాలీ దగ్గర పుస్తకం తీసుకున్న వారిలో కొందరి కార్డుల మీద అదే మొదటి ఇష్యూ.

ఇక తేలనిది పూర్వ విద్యార్థుల విషయం. డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుకుంటున్నవారు ఉదయం పత్రికల స్టాండు దగ్గరికి వస్తారు. సంపాదకీయం పేజీ కోసం వారికీ మా అధ్యాపకులకూ మధ్య మర్యాదపూర్వకమైన పోటీ నడుస్తుంటుంది. బకాయిలేవీ లేవన్న నో డ్యూస్ పత్రం తీసుకుని వెళ్లినవారికి గుర్తింపు కార్డు ఉండదు, నిబంధనల ప్రకారం లోపలికి రానివ్వకూడదు. ఆధార్ నకలు, చిన్న డిపాజిట్టు తీసుకుని హాలు వరకు అనుమతించాలని, సెమిస్టరు పరీక్షల నెలల్లో ఆదివారాలు కూడా సగం పూట తెరవాలని రాసి పంపాను. డిపాజిట్టుకు ఒప్పుకున్నారు. ఆదివారం డ్యూటీకి బదులు సెలవు ఎవరిస్తారన్న ప్రశ్న దగ్గర రెండో ఫైలు ఆగి ఉంది.