నాచు బొగ్గు గొడవ

పడుకుందామంటే చిన్నదాని సైన్సు నోటుబుక్కులోని ఎర్ర గీతే కళ్ళ ముందు ఆడుతోంది. బొగ్గు వేటి నుంచి ఏర్పడిందంటే "చెట్ల నుంచి, కొన్నిచోట్ల నాచు నుంచి" అని రాసింది. నాచు మాట కొట్టేసి అర మార్కు కోశారు టీచరుగారు. మార్కు పోతే పోయింది. అన్నం దగ్గర అది "ఇకమీదట పుస్తకంలో ఉన్నదే రాస్తాలే అమ్మా" అనేసరికి నాకు ముద్ద దిగలేదు. ఈయన వదిలెయ్యమన్నారు. ఎలా వదిలెయ్యను?

మన సింగరేణి బొగ్గు చెట్లదే, కాదనను. మరి స్కాట్లండు టార్బేన్‌హిల్ బొగ్గు? ఎమ్మెస్సీలో మా సారు దాని పలుకు ఒకటి నా చేతిలో పెట్టారు. మెరుపు లేదు, బొగ్గుకుండే బరువూ లేదు. పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల గీసి అంటిస్తే చటుక్కున అంటుకుంది. పసుపు పచ్చటి మంట, కమ్ముకొచ్చే నల్లపొగ. తర్వాత పల్చగా అరగదీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూపించారు. ద్రాక్ష గుత్తుల్లా పసుపు పచ్చటి ముద్దలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. బోట్రియోకాకస్ అనే నాచు. ఒంట్లో నూనె ఊరించుకుంటూ ఈనాటికీ మంచినీటి చెరువుల్లో, కాస్త ఉప్పు కలిసిన నీళ్ళలో బతుకుతోంది. ఆ పలుకు వయసు 30 కోట్ల ఏళ్ళ పైమాటే. ఆరోజు హాస్టలుకి వెళ్ళాక కూడా వేళ్ళకు ఆ పొగ వాసన పోలేదు, కడుక్కోబుద్ధీ కాలేదు.

టీచరుగారికి ఘాటుగా చీటీ రాద్దామని కూర్చున్నాను. ఇంతలో 1853 నాటి ఎడింబరా కోర్టు గొడవ గుర్తొచ్చింది. అప్పటికే జేమ్స్ యంగ్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ టార్బేన్‌హిల్ రాయి నుంచి పారఫిన్ నూనె తీస్తున్నాడు. దాని విలువ తెలిశాక భూస్వామి అడ్డం తిరిగాడు: నేను కౌలుకిచ్చింది బొగ్గు, ఇది బొగ్గే కాదు అని. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు రెండు పక్షాలా చేరి సాక్ష్యం చెప్పారు. చివరికి జ్యూరీ బొగ్గేనంది. వాళ్ళకే అంత తగువైతే, రాత్రిపూట కట్టలకొద్దీ పేపర్లు దిద్దే మనిషి మీద నాకెందుకింత కోపం?

అయినా మనసొప్పట్లేదు. ఆకారం చెరిగిపోయినచోట కూడా అణువులు సాక్ష్యం చెబుతాయి కదా! సుమత్రా ముడిచమురులో దొరికిన బోట్రియోకాకేన్ అనే అణువు ఈ నాచు ఊరించిన నూనెలోంచి వచ్చిందే. అది కనబడిందంటే ఆ చమురు ఒకప్పటి సరస్సు బురదలో పుట్టిందన్నమాట. చిత్రమేమిటంటే, గుత్తులు స్పష్టంగా కనబడే చాలా నాచు బొగ్గుల్లో ఆ అణువు ఉండదు. ఈ నాచులో ఒక్క తెగే ఆ నూనె చేస్తుంది మరి. అణువు లేదని నాచునే కొట్టేస్తే ఎంత అన్యాయం!

చీటీ రాశాను, మెత్తగానే. చిన్నది నిద్రలోకి జారుకుంటూ "ఆ చెరువులో నీళ్ళు ఉప్పగా ఉండేవా?" అని అడిగింది. పొద్దున బస్సొచ్చేలోగా గామాసెరేన్ అనే ఇంకో అణువు సంగతి చెప్పాలి. పై నీళ్ళూ అడుగు నీళ్ళూ కలవకుండా పొరలుగా నిలిచినచోట పెరిగే సూక్ష్మజీవుల కొవ్వులోంచి వస్తుందది. ఉప్పు నీళ్ళు అడుగున చేరి అలా పొరలు కట్టడం మామూలే. అందుకని అది బాగా ఎక్కువగా కనబడితే ముందు ఉప్పునే అనుమానిస్తారు.