అపెఖో క్రియ అర్థం తేల్చుకున్నాను: నా అనుభవం

కొత్త నిబంధనను గ్రీకులో చదవడం మొదలుపెట్టాక నన్ను ఎక్కువ కాలం పట్టి ఉంచిన క్రియ అపెఖో. మత్తయి 15:8లో అది ‘దూరంగా ఉండటం’: పెదవులతో ఘనపరుస్తారు గానీ హృదయం దూరంగా ఉంది. అపొస్తలుల కార్యములు 15:20లో ‘మానుకోవడం’. మత్తయి 6:2లోనేమో ‘పొందడం’: బూర ఊదించుకుని ధర్మం చేసేవాళ్లు తమ ఫలం పొంది ఉన్నారు! దూరంగా ఉన్నా, చేతికి అందినా ఒకటే క్రియ ఎలా అవుతుంది?

గ్రీకు నిఘంటువులో క్రియలు ‘నేను చేస్తున్నాను’ అనే రూపం కింద ఉంటాయి. అందుకని మత్తయి 6:2లోని అపెఖూసిన్‌ను ముందు అపెఖోగా మార్చుకున్నాను. విడదీస్తే అపో అంటే ‘నుండి’, ఎఖో అంటే ‘కలిగి ఉన్నాను’. అచ్చు ముందు అపోలోని చివరి ఒకారం పోతుంది, మన సంధుల్లో లాగే. లిడెల్, స్కాట్, జోన్స్ నిఘంటువు పెర్సియస్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఏ అర్థానికి ఏ విభక్తి ఇచ్చారో చూస్తూ పోయాను. చిక్కుముడి అక్కడే విడింది. ద్వితీయా విభక్తిలో కర్మ ఉండి, అది చేతికి అందే వస్తువైతే ‘పూర్తిగా పొందడం’. పక్కన ‘నుండి’ అనే మాటో, దూరం కొలతో ఉంటే ‘దూరంగా ఉండటం’. లూకా 24:13లో యెరూషలేముకు ఎమ్మాయు 60 స్టేడియాల (పాత గ్రీకు దూరపు కొలత) దూరమని చెప్పింది ఈ క్రియతోనే. మన తెలుగు బైబిల్లో అది ఆమడ దూరం. ఇక ఆత్మనేపదం లాంటి రూపంలో వస్తే తనను తాను దూరంగా ఉంచుకోవడం, అంటే మానుకోవడం.

అసలు వెలుగు మాత్రం ఈజిప్టు రసీదుల్లో దొరికింది. అక్కడ బయటపడిన పాపిరస్‌ల (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితాల) మీద, కుండపెంకుల మీద డబ్బు తీసుకున్నవాళ్లు ‘అపెఖో’ అని రాసి ఇచ్చారు. మన భాషలో ‘ముట్టినది’ అని! జర్మన్ పండితుడు అడోల్ఫ్ డైస్మన్ 1908 నాటి తన పుస్తకంలో ఈ రసీదులను మత్తయి వచనం పక్కన పెట్టి చూపించాడు. బూర ఊదించుకుని ధర్మం చేసేవాళ్లకు జనం మెప్పుతోనే లెక్క ముట్టిపోయింది, ఇక దేవుని దగ్గర రావలసిన బాకీ లేదు. చిన్నప్పటి నుంచి వింటున్న ఈ వచనం ఇంత పదునైనదని ఆ రోజే తెలిసింది. ఫిలిప్పీయులకు 4:18లో పౌలు కానుకలు అందాయని రాసింది కూడా ఈ మాటతోనే.

మార్కు 14:41 దగ్గర మాత్రం ఈ ఆనవాళ్లేవీ పనికిరావు. గెత్సేమనేలో యేసు ‘అపెఖెయ్’ అంటాడు, అంతే. కర్మ లేదు, దూరం లేదు. యేసును పట్టించిన యూదాకు డబ్బు ముట్టిందని అర్థం చెప్పినవాళ్లూ ఉన్నారు. వల్గేట్ అనే పాత లాటిన్ బైబిల్లో, మన తెలుగు బైబిల్లో ‘చాలు’ అని ఉంది. వెంటనే ‘గడియ వచ్చింది’, ఆపైన ‘లేవండి, వెళ్దాం’ అని వస్తుంది కాబట్టి నేను ‘చాలు’ వైపే ఉన్నాను.