వావిలి పుల్లలతో బాణాలు చేసిన నా అనుభవం

మాది నెల్లూరు జిల్లాలో ఉదయగిరి పక్క. వెదురు బద్దతో విల్లు చేసుకున్నాక బాణాలు కూడా చేత్తోనే చేయాలని పట్టుబట్టినా, ఎందుకంటే ఆ విల్లుకి కొన్న కార్బన్ బాణం పెట్టడానికి నాకు మనసొప్పలా.

పుల్ల ఎంచుకునేకాడే సగం పని ఉండాది. మా చేను గట్టు మీద వావిలి పొదలున్నాయి, ఫారెస్టులో ఒక్క కొమ్మ కూడా ముట్టుకోలా, ముట్టుకోకూడదు కూడా. ముందేడు నరికిన మోడు నుంచి లేచిన రెమ్మలు చూడండి, వెలుతురు కోసం పోటీపడి పక్కకొమ్మలు పెద్దగా లేకుండా నిటారుగా పోతాయి, బాణానికి అవే కావాలి. చిటికెన వేలంత లావు, రెండు మూరల పొడుగు ఉన్నవి ఏరుకున్నా.

సంక్రాంతి దాటినాక కోసి, తోలు తీయకుండా, రెండు కొసలకీ మైనం పూసి, కట్టగా బిగించి వసారాలో నీడన వేలాడదీశా. ఎండలో పెడితే తొందరగా ఆరతాయి గానీ నిలువునా పగులుతాయి. ఎండాకాలమంతా వాటి జోలికి పోలా.

తర్వాతదే అసలు పని, వంకర తీయడం. తోలు గీకేసి, పుల్లని కంటి దగ్గర పెట్టుకోని ఒక కొస నుంచి చూస్తే ఎక్కడ వంపుందో ఇట్టే తెలుస్తుంది. ఆ చోటుని నిప్పుల మీద, మంటలో కాదు, తిప్పుకుంటా వేడి చేయాలి, చేతికి కాలేంత వేడెక్కి పుల్ల కొంచెం మెత్తబడ్డట్టు అనిపించినాక వంపుకి ఎదురుగా, కావాల్సిన దానికంటే రవ్వంత ఎక్కువే వంచి పట్టుకోవాలి. మా ఊళ్ళో కర్రలు సాపు చేసే యానాది తాత ఒకాయన పక్కనే కూర్చోని "అబ్బయా, చల్లారేదాకా వదలబాక" అని ఒకటే చెప్పేవాడు. నిజంగా అంతే, వేడి మీద వదిలితే మళ్ళీ పాత వంకరకే పోతుంది. ముందు పెద్ద వంకరలు, తర్వాత కణుపుల కాడ చిన్నవి. నాకైతే ఈ పనంత ఇష్టమైంది ఇంకోటి లేదు.

1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన 5,300 ఏళ్ళ నాటి మనిషి, ఓట్జీ అంటారే, ఆయన అమ్ములపొదిలో 14 బాణాలుంటే అందులో పూర్తయినవి 2 మాత్రమే, మిగతావన్నీ ఇంకా చేస్తూ ఉన్నవి. ఎక్కువ భాగం వైబర్నమ్ అనే పొద రెమ్మలే, పొడుగు కూడా 85 సెంటీమీటర్ల అటూ ఇటూ. అది చదివినాక నా కట్టని చూసుకుంటే ఎంత సంతోషమేసిందో.

లావు కొస ముందుకి రావాలి, ములికి అక్కడే, బరువు ముందుంటేనే బాణం నిలకడగా పోతుంది. సన్న కొసలో నారి కూర్చునే గాటు. రెమ్మకి మధ్యలో బెండు ఉంటుంది కాబట్టి గాటు కింద దారం బిగించి చుట్టకపోతే చీలిపోద్ది. ఈకలు టర్కీ కోడి రెక్కవి, ఒక బాణానికి మూడూ ఒకే పక్క రెక్కవే తీసుకోవాలి, లేదంటే ఒకటి ఒకవైపు, ఇంకోటి ఇంకోవైపు తిప్పబోతాయి. గుగ్గిలం, తేనెమైనం, బొగ్గుపొడి కలిపి కరిగించి అంటించి, రెండు చివర్లా దారం చుట్టా.

చాలామంది పట్టించుకోనిది బిగువు, అంటే పుల్ల ఎంత సులువుగా వంగుతుందనేది. నారి వదలగానే బాణం వంగి విల్లు పక్కనుంచి పోవాలి, మరీ బిరుసైనా మరీ మెత్తనైనా గురి పక్కకి పోతుంది. 26 అంగుళాల ఎడంతో రెండు మేకులు కొట్టి, పుల్లని వాటి మీద పెట్టి మధ్యలో 2 పౌన్లు, అంటే 907 గ్రాములు వేలాడదీయండి. ఎన్ని అంగుళాలు వంగిందో దాంతో 26ని భాగిస్తే ఎన్ని పౌన్ల విల్లుకి, అంటే నారి లాగడానికి ఎంత బలం పట్టే విల్లుకి సరిపోద్దో వస్తుంది. ముప్పావు అంగుళం వంగిందంటే దాదాపు 35 పౌన్ల విల్లుకి. బిరుసుగా ఉంటే గాజుపెంకుతో గీకి సన్నం చేయొచ్చు, మెత్తగా ఉన్నదాన్ని మాత్రం మళ్ళీ లావు చేయలేం, అందుకే ఈకలు అంటించకముందే చూసుకోవాలి.

చివర్లో అవిసె నూనె పట్టించా. ముసురు రోజుల్లో కొన్ని మళ్ళీ కొంచెం వంగుతాయి, నిప్పులకి చూపించి సరిచేసుకోవడమే, కాకపోతే ఈకల వైపు వేడి తగలకుండా చూసుకోండి, గుగ్గిలం కరిగిపోద్ది.